టిల్ట్ నాబ్ తిప్పేముందు కొలత టేపు చేతిలోకి తీసుకోండి

ఈమధ్య ఒక వర్క్‌షాప్‌లో టిల్ట్-షిఫ్ట్ లెన్సుల (కెమెరా మీదే వంచగలిగే, పక్కకు జరపగలిగే లెన్సుల; వంచడం టిల్ట్, జరపడం షిఫ్ట్) గురించి చెబుతూ ఒకాయన ఇలా అన్నారు: "ఫోకస్ పీకింగ్ ఆన్ చేసుకోండి. మీకు కావలసినంత మేర ఎర్రగీతలు వచ్చేదాకా టిల్ట్ తిప్పండి. అంతే." (ఫోకస్‌లో ఉన్న అంచులను స్క్రీన్ మీద ఎర్రగీతలతో చూపించే సౌకర్యమే పీకింగ్.) వింటున్నవాళ్లలో చాలామంది ఆ మాటను అలాగే రాసుకున్నారు. చిన్న సెన్సర్ మీద, ఫోన్‌లో చూసుకునే ఫొటోకు ఆ సలహా సరిపోతుందేమో. అక్కడ బల్ల మీద ఉన్నది మాత్రం మామూలు కంటే పెద్ద సెన్సర్ ఉండే మీడియం ఫార్మాట్ కెమెరా. దానితో తీసినవాటిని గోడంత ప్రింట్లు వేయించుకునే వాళ్ల కోసమే ఆ క్లాసు పెట్టారు.

టిల్ట్ కోణం కొలతతో తేలాల్సిన విషయం. ఫోకస్ రింగ్ కంటితో తేలాల్సిన విషయం. నా అభిప్రాయం ఇదే, దీని మీదే ఇంత పొడుగు రాస్తున్నాను. ఈ రెంటినీ కలిపేసి, రెండు చేతులతో రెండూ తిప్పుతూ స్క్రీన్ చూసి "వచ్చింది" అనుకుంటే పది కోట్ల పిక్సెళ్ల సెన్సర్ ఒప్పుకోదు. ఇంటికొచ్చి వంద శాతంలో, అంటే ఒక్కో పిక్సెల్ కనిపించేంత పెద్దది చేసి చూస్తే గానీ సంగతి తెలియదు. అప్పటికి సెట్ విప్పేసి ఉంటాం.

దూరం మారదు, తలం తిరుగుతుంది

మామూలు లెన్స్‌లో రింగ్ తిప్పితే ఫోకస్ తలం, అంటే స్పష్టంగా కనిపించే సమతలం, సెన్సర్‌కు సమాంతరంగా ముందుకో వెనక్కో జరుగుతుంది. మన చేతికి పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు ఇదే. లెన్స్‌ను కొంచెం వంచగానే రింగ్ చేసే పని మారిపోతుంది. ఇప్పుడు రింగ్ తిప్పితే తలం ఒక రేఖ చుట్టూ తిరుగుతుంది, బందు మీద తలుపు తిరిగినట్టు. ఆ బందు ఎక్కడుండాలో చెప్పేవి లెన్స్ ఫోకల్ లెంగ్త్, టిల్ట్ కోణం మాత్రమే. రింగ్ ఎంత తిప్పినా బందు కదలదు.

టిల్ట్ గురించి రాసేవాళ్లంతా షైమ్‌ప్‌ఫ్లూగ్ పేరు చెబుతారు. ఆస్ట్రియా సైన్యంలో కెప్టెన్‌గా పనిచేసిన థియోడోర్ షైమ్‌ప్‌ఫ్లూగ్ ఆకాశం నుంచి తీసిన ఫొటోల వంకర సరిదిద్దడానికి 1904లో బ్రిటన్‌లో పేటెంటు తీసుకున్నాడు. అందులో తనకంటే ముందు 1901లో ఎన్‌లార్జర్ (ఫొటోలను పెద్దవిగా ప్రింట్ చేసే యంత్రం) కోసం ఇదే సూత్రం వాడిన ఫ్రెంచివాడు జూల్స్ కార్పాంటియే పేరు తనే చెప్పాడు. సెన్సర్ తలం, లెన్స్ తలం, ఫోకస్ తలం మూడూ ఒకే రేఖ దగ్గర కలుస్తాయన్నది ఆ సూత్రం. అందులో అణువంతైనా తప్పు లేదు. కానీ కెమెరా వెనక నిలబడ్డవాడికి దానివల్ల ఒరిగేది తక్కువ. ఆ రేఖ ఎక్కడో గాల్లో ఉంటుంది, పైగా రింగ్ తిప్పినప్పుడల్లా కదులుతుంది. కదలని రేఖ ఇంకొకటి ఉందనీ, పట్టుకోవలసింది దాన్నేననీ 1990లలో కెనడావాడు హెరాల్డ్ మెర్క్లింగర్ తేటగా వివరించాడు. నేనిప్పుడు బందు అంటున్నది దాన్నే. నన్నడిగితే టిల్ట్ నేర్పేవాళ్లు మొదట చెప్పాల్సింది ఈ రెండో రేఖ గురించి.

లెక్క చాలా చిన్నది. లెన్స్ నుంచి సెన్సర్‌కు సమాంతరంగా ఒక గీత గీసుకుంటూ పోతే, మనం ఫోకస్‌లో పెట్టాలనుకున్న ఉపరితలం ఎంత దూరంలో తగులుతుందో అదే బందు దూరం. ఫోకల్ లెంగ్త్‌ను 57తో గుణించి ఆ దూరంతో భాగిస్తే టిల్ట్ డిగ్రీలు వచ్చేస్తాయి. రెండు కొలతలూ మిల్లీమీటర్లలో ఉంటే చాలు. ఉదాహరణకు కెమెరా పైకీ కిందికీ వంగకుండా నేలకు 1,500 మిల్లీమీటర్ల ఎత్తున ఉంది, లెన్స్ 30 మిల్లీమీటర్లది, నేల మొత్తం ఫోకస్‌లో కావాలి. టిల్ట్ 1.14 డిగ్రీలు. అదే చోట 110 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే 4 డిగ్రీల పైచిలుకు. టేపు, ఫోన్‌లో కాలిక్యులేటర్, ఒక నిమిషం. ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు.

ఒకటి గమనించండి. ఫ్యూజీ 2023లో తన జీఎఫ్‌ఎక్స్ అనే మీడియం ఫార్మాట్ కెమెరాల కోసం తెచ్చిన 30 మిల్లీమీటర్ల టిల్ట్-షిఫ్ట్ లెన్స్ 8.5 డిగ్రీల దాకా వంగుతుంది. నిలబడిన మనిషి ఎత్తు నుంచి నేలను తీయడానికి మనకు కావలసింది ఒక డిగ్రీ. అంటే పనికొచ్చేదంతా స్కేలు మొదట్లో ఉన్న చిన్న ముక్కలోనే ఉంది. డిగ్రీ దగ్గర బందు 1.72 మీటర్ల దూరంలో ఉంటుంది. 1.25 డిగ్రీలకు వెళ్తే 1.37 మీటర్లకు వచ్చేస్తుంది. నాబ్ మీద వేలు కాస్త బరువుగా పడితే బందు జానెడుకు పైగా జరిగిపోయినట్టే. అంత సున్నితమైన చోట స్క్రీన్ మీద ఎర్రగీతలు చూసుకుంటూ తిప్పమంటే ఎలా?

ఇక్కత్ చీర మీద ఎర్రగీతలు

నా మాటకు ఆధారం ఒక చీర. ఒక చేనేత సొసైటీ వాళ్ల ఎగ్జిబిషన్ కోసం పుట్టపాక డబుల్ ఇక్కత్ చీరల పైటకొంగులు తీయాల్సి వచ్చింది. పైనుంచి నిటారుగా కాదు, బల్ల మీద పరిచిన కొంగును ఇవతలి అంచు నుంచి అవతలి అంచు దాకా వాలుగా చూస్తున్నట్టు కావాలన్నారు. ప్రింట్లు గోడ పొడవునా వేస్తారు. ప్రతి పోగూ కనిపించాలి. అడిగింది న్యాయమే. నేసినవాళ్ల పనితనం పోగులోనే కదా ఉండేది.

కెమెరాలో 102 మెగాపిక్సెళ్ల సెన్సర్, దాని మీద దగ్గరి వస్తువులను తీసే 110 మిల్లీమీటర్ల మాక్రో టిల్ట్-షిఫ్ట్. లెన్స్ బల్లకు 60 సెంటీమీటర్ల ఎత్తున, కెమెరా ముక్కు 30 డిగ్రీలు కిందికి. టిల్ట్ లేకుండా ఎఫ్/8 అపర్చర్‌లో (లెన్స్ రంధ్రం కొలత; అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) తీస్తే, రెండు పిక్సెళ్ల కంటే ఎక్కువ మసక ఒప్పుకోననుకుంటే, బట్ట మీద ఫోకస్‌లో ఉండేది దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ల పట్టీ. మిగతా కొంగంతా మెత్తగా కరిగిపోయి కనిపిస్తుంది. అపర్చర్ ఇంకా మూసి గట్టెక్కుదామంటే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వచ్చే వెలుగు చెదరడం) అడ్డం. ఎఫ్/16 దగ్గర ఒక చుక్క వెలుగు సెన్సర్ మీద 21 మైక్రాన్ల చక్రం అవుతుంది. ఈ సెన్సర్ పిక్సెల్ 3.76 మైక్రాన్లు. చుక్క ఐదారు పిక్సెళ్లు ఆక్రమించాక ఇక పోగు పోగుగా చూపించే మాటేముంది?

కాబట్టి టిల్ట్ తప్పదు. ఇక్కడ కెమెరా వంగి ఉంది కనుక బందు దూరం లెన్స్ కింద నిటారుగా కొలిస్తే తప్పు. సెన్సర్ వాలును అనుసరించి, కిందికీ కాస్త వెనక్కీ కొలవాలి. 60 సెంటీమీటర్లది 69 అయింది. లెక్క 9 డిగ్రీలు చెప్పింది. ఈ లెన్స్ 10 దాకా వంగుతుంది, 10 దగ్గర బందు 63 సెంటీమీటర్లకు వస్తుంది. అంతకంటే దగ్గరికి రాదు. అంటే కెమెరాను ఇంకో పది సెంటీమీటర్లు దించి ఉంటే ఈ లెన్స్‌తో ఆ ఫొటో కుదరదు. ఈ సంగతి టేపు ముందే చెప్పింది. టిల్ట్ తిప్పుతూ కూర్చుంటే ఎప్పటికి తెలుస్తుంది?

పక్కనున్న కుర్రాడు పీకింగ్ ఆన్ చేసి చూశాడు. టిల్ట్ 7 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడే కొంగంతా ఎర్రగా మెరిసింది. 8 దగ్గర మెరిసింది. 9 దగ్గరా మెరిసింది. మూడింటికీ తేడా లేదు. "అన్నా, ఏడులోనే వచ్చేసింది" అన్నాడు. వంద శాతానికి పెంచి చూస్తే ఏడులో మధ్య భాగం మాత్రమే గట్టిగా, అంటే స్పష్టంగా ఉంది, రెండు అంచుల్లోనూ పోగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

ఇలా ఎందుకవుతుందో చూద్దాం. ఈ కెమెరా వ్యూఫైండర్ 94 లక్షల చుక్కలదని గొప్పగా చెప్పుకుంటాం. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చుక్కలు కలిస్తే ఒక పిక్సెల్. అంటే కంటికి కనిపించేది సుమారు 31 లక్షల పిక్సెళ్ల బొమ్మ. సెన్సర్ మీద ఉన్నవి 10 కోట్లకు పైగా. ముప్పై రెండు పిక్సెళ్లను ఒక్కటిగా కుదించి చూపించిన బొమ్మలో ఐదు పిక్సెళ్ల మసక ఎలా కనబడుతుంది? కనబడదు. అంచులు గట్టిగానే ఉన్నాయనిపిస్తుంది, పీకింగ్ ఎర్రగీత గీసేస్తుంది. పీకింగ్ ఇంకో రకంగా కూడా మోసం చేస్తుంది. దానికి ఫోకస్ ఏమిటో తెలియదు, వెలుగు నీడల తేడా మాత్రమే తెలుసు. ఎరుపు మీద తెలుపు బుటా ఉంటే కాస్త మసకలోనూ గీత గీస్తుంది. నలుపు మీద ముదురు నీలం ఉంటే నిఖార్సయిన ఫోకస్‌లోనూ గీయదు.

ఇక్కత్‌లో దీనికి తోడు మరో చిక్కు. పోగుల్ని ముందే కట్టి రంగులద్ది, తర్వాత నేస్తారు. పడుగులో, పేకలో రెండింటిలోనూ కట్టిన రంగులు మగ్గం మీద కలుస్తాయి. కాబట్టి బుటా అంచు ఎప్పుడూ కత్తిరించినట్టు ఉండదు, సన్నగా చెదిరి ఉంటుంది. ఆ చెదరడమే దాని అందం. డిజైన్ అంచు చూసి ఫోకస్ తేల్చుకుందామనుకుంటే అది మసకా, నేతా అని తెలియక కన్ను తికమకపడుతుంది. పోగును చూడాలి. ఒక్క పోగు మీద పడ్డ మెరుపును, దాని పక్కన నీడను, ఆ పురి తిరిగిన తీరును చూడాలి. అది వంద శాతంలో తప్ప కనిపించదు.

నిలబెట్టిన స్కేళ్లు

లెక్క చెప్పిన 9 డిగ్రీలు పెట్టగానే పని అయిపోతుందా అంటే, లేదు. నా వాదనకు ఇదే అసలు పరీక్ష కాబట్టి వివరంగా చెబుతాను.

బందు దూరం ఎక్కడి నుంచి కొలవాలి? పుస్తకంలో లెన్స్ ఒక బిందువు. చేతిలో ఉన్నది జానెడు పొడవున్న గొట్టం. 30 మిల్లీమీటర్ల లెన్స్‌తో మీటరున్నర దూరాలు కొలుస్తున్నప్పుడు రెండు మూడు సెంటీమీటర్లు తేడా వచ్చినా పట్టించుకోనక్కర్లేదు. మాక్రోలో 69 సెంటీమీటర్ల దగ్గర మూడు సెంటీమీటర్లు తప్పితే కోణం 0.4 డిగ్రీలు మారిపోతుంది. పైగా మాక్రో లెన్సుల్లో దగ్గరికి ఫోకస్ చేసేకొద్దీ అసలు ఫోకల్ లెంగ్త్ లెన్స్ మీద రాసినంత ఉండకపోవచ్చు. అంటే లెక్క మనల్ని గుమ్మం దాకా తెచ్చి వదులుతుంది. లోపలికి వెళ్లడానికి ఇంకో కొలత కావాలి.

నేను చేసేది ఇది. రెండు చిన్న స్టీల్ స్కేళ్లను బట్ట మీద నిటారుగా నిలబెడతాను. ఒకటి ఇవతలి అంచున, ఒకటి అవతలి అంచున, ఆనుకోవడానికి వెనక ఒక చెక్క ముక్క. మొదట రింగ్ తిప్పి అవతలి స్కేలు అడుగు, అంటే బట్టను తాకుతున్న సున్నా గీత, ఫోకస్‌లోకి తెస్తాను. ఇప్పుడు టిల్ట్ ముట్టుకోకుండా ఇవతలి స్కేలును వంద శాతంలో చూడాలి. అక్కడ ఏ గీత అన్నిటికంటే గట్టిగా ఉందో చూడాలి. సున్నా గీత అయితే పని అయింది. బట్టకు ఆరు మిల్లీమీటర్ల పైనున్న గీత గట్టిగా ఉందంటే ఫోకస్ తలం ఇవతలి వైపు బట్ట మీద తేలుతోంది. బందు లెన్స్‌కు మరీ దగ్గరగా ఉంది, టిల్ట్ ఎక్కువైంది. కొంచెం తగ్గించాలి. స్కేలు మీద ఏ గీతా గట్టిగా లేకపోతే తలం బట్ట కిందకు దిగిపోయింది, టిల్ట్ చాలలేదు. పెంచాలి. మళ్లీ రింగ్‌తో అవతలి అడుగు, మళ్లీ ఇవతలి స్కేలు. మొదలు పెట్టింది లెక్క ప్రకారం కాబట్టి రెండు మూడు విడతల్లో కుదిరిపోతుంది.

ఈ పద్ధతిలో నాకు నచ్చేది, తప్పు ఎటువైపో చెబుతుంది, ఎంతో కూడా చెబుతుంది. "కాస్త మసకగా ఉంది" అన్న మాట దగ్గర ఆగిపోదు. పీకింగ్ ఎప్పటికీ ఈ మాట చెప్పలేదు.

ఫోకస్ ఎంత మందంగా ఉంటుందో కూడా స్కేలు మీదే చదువుకోవచ్చు. టిల్ట్ చేశాక ఫోకస్‌లో ఉండే మేర బందు దగ్గర సున్నాతో మొదలై దూరం వెళ్లేకొద్దీ విచ్చుకుంటుంది. ఆ చీర మధ్యలో, ఎఫ్/8 దగ్గర, తలానికి పైన సుమారు నాలుగు మిల్లీమీటర్లు, కింద నాలుగు. అంతే. చీర మడత వేలెడు ఎత్తు లేచిందంటే దాని శిఖరం ఫోకస్‌లో ఉండదు, ఎంత గొప్ప లెన్స్ అయినా సరే. అందుకే ఆ రోజు ఇస్త్రీకి పట్టిన సమయం ఫొటోకు పట్టిన సమయం కంటే ఎక్కువ. సొసైటీ నుంచి వచ్చిన పెద్దాయన కుచ్చుల దారాలను ఒక్కొక్కటిగా వేళ్లతో పక్కకు దువ్వి బల్లకు అంటించినట్టు పరిచారు. ఆయన చేతి పని లేకపోతే నా లెక్క ఎందుకూ పనికొచ్చేది కాదు.

చివరగా, పనిచేసే అపర్చర్‌లోనే ఒకసారి చూసుకోవాలి. తెరిచిన అపర్చర్‌లో కుదిర్చిన ఫోకస్ మూశాక కొన్ని లెన్సుల్లో కాస్త జరుగుతుంది. ఇంకా, మనం తలం తలం అంటున్నది పూర్తి చదునుగా ఉండకపోవచ్చు, అంచుల్లో స్వల్పంగా వంగవచ్చు. మధ్యలో ఒక చోటే చూసి ఊరుకోకుండా నాలుగు మూలలూ చూడాలనేది అందుకే.

పెద్దల పద్ధతి, కుర్రాళ్ల పద్ధతి

నా వాదనకు ఎదురు చెప్పేవాళ్లు రెండు వైపుల నుంచీ ఉన్నారు.

ఒక వైపు వ్యూ కెమెరా (వెనకున్న గరుకు అద్దం మీద బొమ్మ చూసుకునే పెద్ద కెమెరా) మీద చేయి తిరిగిన పాతతరం. "దూరానికి ఫోకస్ చెయ్యి, దగ్గరకు టిల్ట్ చెయ్యి, మళ్లీ దూరం, మళ్లీ దగ్గర. నాలుగు సార్లు చేస్తే అదే కుదురుతుంది. టేపెందుకు?" అంటారు. వాళ్ల పద్ధతి మీద నాకు చాలా గౌరవం ఉంది. గ్రౌండ్ గ్లాస్ మీద నల్లగుడ్డ కింద తల పెట్టి లూప్ అనే భూతద్దంతో చూసేవాళ్లకు అరచేతి కంటే పెద్ద బొమ్మ కళ్లెదుట ఉండేది. ఒకేసారి దగ్గరనూ దూరాన్నీ చూడగలిగేవారు. మనకు వంద శాతంలో కనిపించేది ఫ్రేములో చిన్న చదరం. దగ్గర చూస్తే దూరం కనిపించదు.

రెండో తేడా కూడా ఉంది. మంచి వ్యూ కెమెరాల్లో చాలావాటికి టిల్ట్ ఇరుసు లెన్స్ మధ్య గుండా పోతుంది, వంచినా మధ్యలో ఫోకస్ పెద్దగా కదలదు. టిల్ట్-షిఫ్ట్ లెన్సుల్లో ఇరుసు సరిగ్గా అక్కడ ఉండనక్కర్లేదు. వంచినప్పుడల్లా మధ్య ఫోకస్ కూడా జరుగుతుంది. అందుకే నాలుగు సార్లలో కుదరాల్సింది పది సార్లకూ కుదరదు. ఫిల్ము రోజుల్లో ఒప్పుకున్న మసక కూడా వేరు. 6×6 సెంటీమీటర్ల ఫిల్ముకు 0.05 మిల్లీమీటర్ల మసకను ఫోకస్ కిందే లెక్కగట్టేవారు. నేను పైన చెప్పిన రెండు పిక్సెళ్ల లెక్క 0.0075. దాదాపు ఏడోవంతు. 1966లో వచ్చిన రోలై ఎస్‌ఎల్66 లెన్స్‌ను ముందుకూ వెనక్కూ 8 డిగ్రీలు వంచేది. దానితో ఎన్నో గొప్ప ఫొటోలు తీశారు. అప్పటి ప్రింట్లకు కంటి చూపు చాలింది. ఇప్పటి ప్రింట్ల దగ్గరికి జనం ముక్కు ఆనించి చూస్తున్నారు.

రెండో వైపు కుర్రాళ్లు. వాళ్ల వాదనే బలమైనది. "స్టాకింగ్ ఉండగా ఈ తిప్పలెందుకన్నా? కెమెరానే ముప్పై ఫ్రేములు తీస్తుంది, సాఫ్ట్‌వేర్ కలిపేస్తుంది." నిజమే. నగల ఫొటోలకు నేనే స్టాకింగ్ చేస్తాను. కాసుల పేరు మెడబొమ్మ మీద ఉంటే అది ఒక తలంలో లేదు, టిల్ట్ దానికి ఏ విధంగానూ సాయపడదు. టిల్ట్ చదును వస్తువుల కోసం. చీర, నేల, గోడ, పైకప్పు, బల్ల మీద పరిచిన పటం. అలాంటి చోట మాత్రం స్టాకింగ్ కంటే టిల్టే మేలని నా నమ్మకం. జరీ మీద వెలుగు మెరిసే చోట, కుచ్చుల దారాలు ఒకదాని మీద ఒకటి పడే చోట, కలిపిన బొమ్మలో అంచుల చుట్టూ తెల్లటి పొగలాంటిది వస్తుంది. దాన్ని చేత్తో తుడవడం గంటల పని. ఈ కెమెరా 16 బిట్ రా ఫైలు కుదించకుండా దాస్తే ఒక్కొక్కటి 200 ఎంబీ పైనే. ముప్పై ఫ్రేములంటే ఒక్క చీరకు 6 జీబీ. ఆరుబయట అయితే గాలి ఉండనే ఉంది. కోనసీమలో కోతకొచ్చిన వరిచేను అంచున నిలబడి ముప్పై ఫ్రేములు తీస్తే ఒక్క కంకి కూడా రెండు ఫ్రేముల్లో ఒకే చోట ఉండదు. టిల్ట్ ఆ పనిని ఒక్క క్లిక్‌లో చేస్తుంది.

అయినా కుర్రాళ్ల మాటలో ఒకటి నన్ను ఆలోచింపజేస్తుంది. ఈ లెన్సులు కొనగలిగేది ఎంతమంది? అద్దెకు తెచ్చుకున్నా రోజు లెక్కన గట్టిగానే పడుతుంది. స్టాకింగ్‌కు మామూలు లెన్స్ చాలు. అందరూ టిల్ట్ నేర్చుకోవాలని నేననను. కెనాన్ టీఎస్-ఈ అనే టిల్ట్-షిఫ్ట్ లెన్సులను అడాప్టర్‌తో జీఎఫ్‌ఎక్స్ మీద పెట్టుకునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. వాటిలో 24 మిల్లీమీటర్ల లెన్స్ రెండో వెర్షన్ సెన్సర్ వైపు పరిచే వెలుగు వృత్తం 67 మిల్లీమీటర్లు, జీఎఫ్‌ఎక్స్ సెన్సర్ మూల నుంచి మూలకు 55. టిల్ట్ పనికి అది చక్కగా చాలుతుంది, షిఫ్టే కాస్త తగ్గుతుంది. లెక్క ఏ లెన్స్‌కైనా ఒకటే.

లేపాక్షి పైకప్పు

బందు కెమెరా కిందే ఉండాలని లేదు. లేపాక్షి వీరభద్రాలయంలో 16వ శతాబ్దపు విజయనగర చిత్రాలు మండపం పైకప్పు మీద పొడవాటి పట్టీలుగా సాగుతాయి. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం కథలు అక్కడ తల వెనక్కి వాల్చి చదువుకోవచ్చు. ఒక పట్టీని ఈ చివర నుంచి ఆ చివర దాకా వాలుగా పట్టుకోవాలంటే బందు కెమెరా పైన ఉండాలి. లెన్స్‌ను కిందికి బదులు పైకి వంచాలి. (అక్కడ ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.)

లెన్స్ నుంచి పైకప్పుకు 3 మీటర్లు ఉందనుకుందాం. 30 మిల్లీమీటర్ల లెన్స్‌కు కావలసిన టిల్ట్ 0.57 డిగ్రీ. అర డిగ్రీ కంటే కొంచెం ఎక్కువ, అంతే. దాన్ని పొరపాటున 1 డిగ్రీ పెట్టామనుకోండి. బందు 1.72 మీటర్లకు దిగుతుంది. పది మీటర్ల దూరంలో ఉన్న బొమ్మ మీద రింగ్‌తో ఫోకస్ కుదిర్చితే అక్కడ బాగానే ఉంటుంది. నాలుగు మీటర్ల దూరంలో మాత్రం ఫోకస్ తలం పైకప్పుకు 77 సెంటీమీటర్ల కిందుగా పోతుంది. ఎఫ్/8లో అక్కడ మనకున్న వెసులుబాటు 46 సెంటీమీటర్లు. దగ్గరి బొమ్మలు మెత్తబడతాయి. వెడల్పు లెన్స్ కాబట్టి అంతా ఫోకస్‌లోనే ఉంటుందన్న ధీమా ఇక్కడ పనికిరాదు. వెడల్పు లెన్స్‌కు కావలసిన కోణం ఇంత చిన్నది కాబట్టే అది కళ్ల అంచనాకు అందదు.

అక్కడే ఇంకో ఇబ్బంది. స్తంభాలు. పైకప్పును ఫోకస్‌లో పెడితే దగ్గరి స్తంభం తల బాగుంటుంది, మొదలు మసకబారుతుంది. నిలువుగా నిలబడ్డ వస్తువు ఫోకస్ తలాన్ని అడ్డంగా ఛేదిస్తుంది, దానికి మందు లేదు. నేలనూ పైకప్పునూ స్తంభాలనూ అన్నిటినీ ఒక్క ఫ్రేములో కావాలనుకుంటే టిల్ట్ సున్నాకు తెచ్చి ఎఫ్/11కు మూయడమో, రెండు మూడు ఫ్రేములు కలపడమో చేయాలి. టిల్ట్ లెన్స్ చేతిలో ఉంది కదా అని ప్రతి ఫొటోలో కాస్త వంచేవాళ్లను చూస్తుంటాను. చాలా కట్టడాల ఫొటోలకు కావలసింది షిఫ్ట్ ఒక్కటే. గోపురాన్ని ఎదురుగా నిలబడి తీస్తున్నప్పుడు అర డిగ్రీ టిల్ట్ మిగిలిపోతే శిఖరమో మొదలో పోతుంది.

సున్నా అంటే సున్నాయేనా

చివరిగా చెప్పాల్సింది అన్నిటికంటే ముందు చేయాల్సిన పని. లెన్స్ చేతికి రాగానే సున్నా చూసుకోవాలి. అద్దెకు తెచ్చిన ఒక లెన్స్‌లో టిల్ట్ గుర్తు సున్నా మీదే ఉంది, లాక్ బిగించి ఉంది. అయినా కెమెరాను కిందికి వంచితే లెన్స్ బరువుకు ముందు భాగం వెంట్రుకవాసి జారేది. చేత్తో కుదిపితే తప్ప తెలియదు. అద్దెకిచ్చినవాళ్లను అడిగితే "అది మామూలే సార్" అన్నారు. 9 డిగ్రీలు పెట్టే చీర ఫొటోలో అంత వదులు స్కేళ్ల దగ్గర దిద్దుకోవచ్చు. అర డిగ్రీతో పని ఉన్న చోట అదే మొత్తం టిల్ట్ అయిపోతుంది. దాన్ని మామూలే అని వదిలేయడం నాకు ఒప్పదు.

పరీక్ష సులువే. ఎదురుగా ఒక పెద్ద ఇటుక గోడకు కెమెరాను సమాంతరంగా పెట్టి, అపర్చర్ పూర్తిగా తెరిచి, మధ్యలో ఫోకస్ కుదిర్చి ఒక ఫ్రేము. లెన్స్ టిల్ట్ దిశను 90 డిగ్రీలు తిప్పి ఇంకో ఫ్రేము. మొదటిదాంట్లో పైనా కిందా ఒకేలా ఉండాలి, రెండోదాంట్లో కుడీ ఎడమా. మొదటి ఫ్రేములో ఒక అంచు మెత్తగా ఉండి, లెన్స్ తిప్పాక ఆ మెత్తదనం కూడా లెన్స్‌తో పాటే పక్కకు జరిగిందంటే తప్పు టిల్ట్ సున్నాది. జరగకుండా అక్కడే ఉండిపోతే కెమెరా గోడకు సమాంతరంగా లేదన్నమాట. తప్పు టిల్ట్ సున్నాదే అయితే ఆ గుర్తును నమ్మకుండా, రెండు అంచులూ సమానమయ్యే చోట నాబ్ పక్కన సన్నని అంటించే టేపు ముక్క అతికించి అదే సున్నాగా లెక్కపెట్టుకోవాలి. 0.57 అంటే ఆ టేపు నుంచి 0.57. తర్వాత లాక్ బిగించేటప్పుడు స్క్రీన్ మీద నుంచి కన్ను తీయకండి. చాలా లెన్సుల్లో బిగింపే కోణాన్ని కాస్త తోస్తుంది. షిఫ్ట్ కావాలంటే టిల్ట్‌కు ముందే చేసేయాలి, తర్వాత షిఫ్ట్ కదిపితే ఫోకస్ మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి.